కొన కనబడితేనే

జెల్లీ చల్లగా ఉందని తిట్టాడు సకారిస్.
చంకలో ఆనించిన ప్రోబును చూసి
"దీనికంటే సముద్రమే నయం" అన్నాడు.
క్లాక్స్విక్ ఆస్పత్రి కిటికీకి ఆవల
మిట్టమధ్యాహ్నమే దీపాలు వేసుకున్న రేవు.
వించ్ తాడు అతని ఎడమచేతి వేళ్లు రెంటిని
పొద్దున ఆరింటికి నలిపేసింది.
చుట్టి తెచ్చిన తువ్వాలు మీద
పడవ పేరు ఇంకా చదవడానికి వీలుగానే ఉంది.

నా పని సిరంజి పట్టుకోవడం.
సూది మర్జున్ డాక్టరుది, తెర ఆమెది,
నాది బొటనవేలు మాత్రమే.
లాగమంటే వెనక్కి లాగుతాను, రక్తం రాలేదంటాను,
ఒక మిల్లీ అంటే ఒక మిల్లీ తోస్తాను.
ఇరవై ఆరేళ్లుగా ఇదే బొటనవేలు.

మొదట్లో తెర లేదు.
అప్పటి పెద్ద డాక్టరు చీకట్లో తాళంచెవి వెతికినట్టు
సూదితో నరాన్ని వెతికేవాడు.
"చిటికెన వేల్లో జిల్లుమందా?" అని అడిగేవాడు.
జిల్లుమంటే దొరికినట్టు.
మనిషి ఎగిరిపడితే మరీ దొరికినట్టు.

ఇప్పుడు బూడిదరంగు వాన కురిసే తెర.
నట్టనడుమ ధమని, నల్లగా, గుండ్రంగా,
ఎవరో లోపల్నుంచి తలుపు తడుతున్నట్టు.
ప్రోబు కాస్త అదిమితే సిరలు కళ్లు మూసుకుంటాయి.
ధమని మూసుకోదు.
దాని చుట్టూ ఎక్కడో మూడు నరాలు,
ఒక్కోటీ తేనెపట్టును అడ్డంగా కోసినట్టు.
ప్రోబును బియ్యపుగింజంత వంచితే చాలు,
ఉన్న నరం లేనట్టే.
మళ్లీ వంచితే, ఎక్కడికీ పోనట్టు అక్కడే.

సకారిస్ నొప్పి మరచి మెడ తిప్పాడు.
"ఇది మా పడవలోదే కదా!"

చేపల గుంపును వెతికే యంత్రం.
శబ్దాన్ని నీళ్లలోకి విసిరి
తిరిగొచ్చిన దాన్ని చదువుకునేది.
నలభై ఏళ్ల అతని రాత్రులన్నీ దాని ముందే.
"అదిగో, అడుగున తెల్లగా మెరిసేది రాతినేల."
ఎముక, అంది మర్జున్.
"దాని కిందంతా నీడ. అక్కడేముందో దేవుడికీ తెలీదు."
అవును, అంది మర్జున్.
"పక్కన ఈ ముద్ద? హెర్రింగ్ గుంపా?"
మోచేతి దగ్గర జిల్లుమంటుందే, ఆ నరం.
నీ చిటికెన వేలూ, ఉంగరపు వేల్లో సగమూ అందులోనే ఉన్నాయి.
అతను కాసేపు ఏమీ అనలేదు.

సూది వెలుగుగీతలా పక్కనుంచి వచ్చింది.
రెండు నరాలు సజావుగా అయిపోయాయి.
మందు నల్లటి నీరై చుట్టూ పరుచుకుంటే
నరం దీవిలా మిగిలింది,
మా ఫారో దీవుల్లో ఏ ఒకదానిలాగో,
తుఫాను రోజు, ఎవరితోనూ మాట లేకుండా.

మూడోదాని దగ్గర,
ధమని వెనక, లోతులో,
గీత మసకబారింది.
మర్జున్ మణికట్టు ఆగింది.
థియేటర్ నుంచి రెండోసారి ఫోన్.
నా బొటనవేలు అలవాటుగా బిగుసుకుంది.

సకారిస్ మెల్లగా అన్నాడు:
"కనబడకుండా వల వెయ్యకు, అమ్మాయ్.
పడవ కదిలిందా, వల కదిలిందా, ముందది తేల్చుకో.
రెంటినీ ఒకేసారి తిప్పావంటే
తెల్లార్లూ తిప్పుతూనే ఉంటావు."

ఆమె సూదిని ఉన్నచోటే ఉంచి
ప్రోబునొక్కదాన్నే జరిపింది. వెంట్రుకవాసి.
కొన వెలిగింది,
మేం అనుకున్న చోట కాదు, గోరంత అవతల,
ధమని గోడకు ఆనుకుని.

ఆమె సూది వెనక్కి తీసింది. నేను ఊపిరి వదిలాను.
మళ్లీ దారి, మళ్లీ కొన. ఈసారి కనబడుతూ.
"ఒక మిల్లీ."
తోశాను.

పావుగంటకి అతని చెయ్యి అతనిది కాకుండా పోయింది.
కుడిచేత్తో దాన్నెత్తి చూసి వదిలాడు,
కాడ్ చేప బరువు ఆనవాలు పట్టినట్టు.
"పాపం, బాగా బతికింది" అన్నాడు.
ఉంగరపు వేలు ఉండదని అతనికి అప్పటికే తెలుసు.

తెల్లవారుజామున మూడింటికి గంట మోగితే వెళ్లాను.
స్పర్శ తిరిగొస్తోంది, దాని వెంటే నొప్పీ.
లేని వేలు దురద పెడుతోందన్నాడు పళ్లు బిగించి.
మాత్ర ఇచ్చాను. నీళ్లిచ్చాను.
గోక్కోవడానికి ఏమివ్వాలో తెలియక
ఆ చోటు పక్కన, కట్టు మీద,
నా బొటనవేలు ఆన్చి కాసేపు కూర్చున్నాను.